పదమూడు ఆటలు, పదమూడు గెలుపులు, ఐదో స్థానం

2023 నవంబరు 18, శనివారం రాత్రి. ఫ్లోరిడా రాజధాని టాలహాసీలో, డోక్ క్యాంప్‌బెల్ స్టేడియంలో, స్టూడెంట్ సెక్షన్‌లో నిలబడి మా ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆట చూస్తున్నాను. మొదటి క్వార్టర్ ఇంకా అవలేదు. మా క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆటను నడిపేవాడు, జోర్డన్ ట్రావిస్ బంతి పట్టుకుని తనే పరిగెత్తాడు. పక్కనుంచి వచ్చి ఒకడు పట్టేశాడు. కింద పడ్డప్పుడు అతని ఎడమ కాలు వంగకూడని వైపు వంగింది. దాదాపు ఎనభై వేల మంది పట్టే స్టేడియం ఒక్కసారిగా మూగబోయింది. జట్టు మొత్తం మైదానంలోకి వచ్చి అతని చుట్టూ చేరింది. కార్టు మీద తీసుకెళ్తుంటే నా పక్కనున్న అమ్మాయి, ముక్కూ మొహం తెలియని అమ్మాయి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చేసింది.

ఆ ఆట మేము గెలిచాం. ప్రత్యర్థి నార్త్ అలబామా, చిన్న కాలేజీ. ఒక దశలో 13–0తో వెనకబడ్డ మా జట్టు ఆ తర్వాత వరసగా 58 పాయింట్లు చేసింది. కానీ స్టేడియం నుంచి బయటికి వస్తుంటే ఎవరి మొహంలోనూ గెలిచిన కళ లేదు.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్ మాకు తెల్లవారుజామున మూడున్నరకు మొదలు. మా అపార్ట్‌మెంట్‌లో ఏడుగురం తెలుగువాళ్లం ఒక సోఫా, రెండు దుప్పట్ల మీద సర్దుకుని కూర్చున్నాం. వరసగా పది గెలిచిన భారత్ 240కి ఆగిపోయింది. ట్రావిస్ హెడ్ 137 కొట్టాడు. పొద్దున పదకొండు కావస్తుండగా అంతా అయిపోయింది. ముందురోజు రాత్రి ఒక ట్రావిస్ కాలు విరిగింది, తెల్లారేసరికి ఇంకో ట్రావిస్ మన కప్పు పట్టుకుపోయాడు. నా జీవితంలో అంత బరువైన ఆదివారం మరొకటి లేదు.

అయితే ఆ రెండు బాధలూ ఒకలాంటివి కావు. అహ్మదాబాద్‌లో మనం మైదానంలోకి దిగి ఆడాం, ఆడి ఓడిపోయాం. ఆ బాధ కొన్నాళ్లకు తగ్గింది. ఫ్లోరిడా స్టేట్‌ను మాత్రం ఎవరూ ఓడించలేదు. పదమూడు ఆటలు ఆడి పదమూడూ గెలిచిన జట్టును ఒక గదిలో కూర్చున్న పదమూడు మంది దేశ విజేతను తేల్చే పోటీలోకి రానివ్వకుండా పక్కన పెట్టారు. అది ఇవాళ్టికీ నాకు మింగుడు పడలేదు. అది తప్పు అని నేను నమ్ముతున్నాను. ఎందుకు తప్పో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఈ ఆట తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. ఇది మనం ఫుట్‌బాల్ అనే ఆట కాదు, చేత్తో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. కాలేజీ జట్లకు ఇక్కడ ఉన్న ఆదరణ మన దగ్గర ఏ కాలేజీ ఆటకూ లేదు. పెద్ద స్థాయిలో ఆడే కాలేజీలు 2023లో 133. ఒక్కో జట్టుకు సీజన్‌లో పన్నెండు ఆటలే, తన కాన్ఫరెన్సు అనే గుంపులో ఫైనల్‌కు చేరితే ఇంకొకటి. శరీరాలు అంతకుమించి తట్టుకోలేవు. 133 జట్లు, తలా పన్నెండు ఆటలు అంటే అందరూ అందరితో ఆడటం కుదరదు, కాబట్టి మన ఐపీఎల్ లాగా ఒక పాయింట్ల పట్టిక వెయ్యలేరు. జట్లు కాన్ఫరెన్సులుగా విడిపోయి ఆడతాయి. ఎస్‌ఈసీ, బిగ్ టెన్, ఏసీసీ ఇలాంటివి. మాది ఏసీసీ. చివర్లో దేశం మొత్తానికి విజేత ఎవరో తేల్చడానికి 2014 నుంచి 2023 దాకా నాలుగు జట్ల ప్లేఆఫ్ ఉండేది. ఆ నాలుగింటిని ఎన్నుకునేది పదమూడు మంది కమిటీ. టెక్సస్‌లో ఒక హోటల్‌లో కూర్చుని ఓటు వేస్తారు.

అంటే ఈ ఆటలో న్యాయం మొదటి నుంచీ కొంత మనుషుల అభిప్రాయం మీదే నడుస్తోంది. అది నాకు తెలుసు. అయినా ఆ పదేళ్లలో ఒక నమ్మకం ఉండేది. పెద్ద కాన్ఫరెన్సులో ఒక్క ఆట కూడా ఓడకుండా ఛాంపియన్ అయితే నిన్ను ఎవరూ ఆపలేరు అని. అంతకుముందు ఆ నమ్మకం ఒక్కసారి కూడా వమ్ము కాలేదు. 2023లో, నాలుగు జట్ల ప్లేఆఫ్‌కు అదే ఆఖరి ఏడాది అనగా, వమ్మయింది.

నేను 2021 ఆగస్టులో పీహెచ్‌డీకి టాలహాసీ వచ్చాను. మాది ఖమ్మం. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. మా ల్యాబ్‌లో ఒక సీనియర్, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, రాగానే చెప్పాడు, ఈ ఊళ్లో శనివారం ఖాళీగా ఉంచుకోమని. మొదటి ఆట నోటర్ డామ్‌తో. మెక్కెంజీ మిల్టన్ అనే కుర్రాడు, అంతకు మూడేళ్ల ముందు కాలు పోయేంత దెబ్బ తగిలి లేచినవాడు, చివర్లో దిగి ఆటను ఓవర్‌టైమ్ దాకా తీసుకెళ్లాడు. 41–38తో ఓడిపోయాం. నియమాలు సగం కూడా తెలియవు, అయినా ఆ రాత్రి గొంతు పోయేలా అరిచాను. వారం తర్వాత జాక్సన్‌విల్ స్టేట్ అనే చిన్న కాలేజీ చేతిలో ఆఖరి బంతికి, అక్షరాలా ఆఖరి బంతికి, 59 గజాల పాస్‌తో 20–17తో పోయింది. ఆ సీజన్ వరసగా నాలుగు ఓటములతో మొదలైంది. కోచ్ మైక్ నార్వెల్‌ను పంపించేయాలని ఊరంతా ఒకటే మాట. చివరికి 5–7, అంటే ఐదు గెలిచి ఏడు ఓడాం.

నేను ఈ జట్టుకు కట్టుబడింది ఆ ఓడిపోయిన ఏడాదే. గెలిచే జట్టుతో ఎవరైనా ఉంటారు. 2022లో 10–3 అయింది. అక్టోబరులో మూడు ఆటలు వరసగా పోయాయి. ఆ తర్వాత మాత్రం మళ్లీ ఓటమి లేదు. ఆ ఏడాది ఆఖరి ఆరు ఆటలు, తర్వాతి ఏడాది పదమూడు, మొత్తం పంతొమ్మిది ఆటలు వరసగా గెలిచారు.

ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే నా వరకు అసలు ప్రేమ అక్కడే ఉంది. ఆ జట్టులో పెద్ద పేర్లన్నీ వేరే ఊళ్ల నుంచి బదిలీ మీద వచ్చినవాళ్లే. జోర్డన్ ట్రావిస్ లూయీవిల్ వదిలి వచ్చాడు. కియాన్ కోల్‌మన్ మిషిగన్ స్టేట్ నుంచి, ట్రే బెన్సన్ ఒరెగాన్ నుంచి, బ్రేడెన్ ఫిస్క్ వెస్టర్న్ మిషిగన్ నుంచి. జారెడ్ వర్స్ అయితే ఆల్బనీ అనే, ఈ స్థాయిలోనే లేని, చిన్న కాలేజీ నుంచి వచ్చాడు. ఒక చోట కుదరక, లేదా ఒక చోట సరిపోక, సామాన్లు సర్దుకుని తెలియని ఊరికి వచ్చి, అక్కడ తనేంటో చూపించుకోవడం. రెండు సూట్‌కేసులతో దిగిన మాకు ఆ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక ఆ సీజన్. సెప్టెంబరు 3న ఆర్లాండోలో ఎల్‌ఎస్‌యూతో, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీతో, మొదలు. ఎల్‌ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్‌కే ఆ ఏడాది దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది. అలాంటివాణ్ణి పెట్టుకున్న జట్టును 45–24తో కొట్టారు. కోల్‌మన్ ఒక్కడే మూడు టచ్‌డౌన్లు, అంటే బంతిని మూడుసార్లు ఎదుటివాళ్ల గీత దాటించాడు. బోస్టన్ కాలేజీ దగ్గర 31–29తో గండం గడిచింది. సెప్టెంబరు 23న క్లెమ్‌సన్. అక్కడ మేము గెలిచి పదేళ్లయింది. వాళ్లు ముందంజలో ఉండగా కేలన్ డెలోచ్ వాళ్ల క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతిని ఊడగొట్టి, తనే అందుకుని 56 గజాలు పరిగెత్తాడు. స్కోరు సమం. చివర్లో వాళ్లు 29 గజాల ఫీల్డ్ గోల్, అంటే బంతిని స్తంభాల మధ్యకు తన్నడం, పిల్లలు కూడా కొట్టగలిగేంత దూరం నుంచి, తప్పారు. ఓవర్‌టైమ్‌లో ట్రావిస్ వేసిన బంతిని కోల్‌మన్ గీత అవతల, ఎండ్‌జోన్‌లో పట్టుకున్నాడు. 31–24. ఆ రాత్రి టాలహాసీలో టెన్నెసీ స్ట్రీట్ మీద హారన్లు తెల్లవార్లూ మోగాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సదరన్ మిస్, వర్జీనియా టెక్, సిరక్యూస్, డ్యూక్, వేక్ ఫారెస్ట్, పిట్, మయామి. అన్నీ గెలుపులే. మయామితో 27–20, అదొక్కటే గుండె దడదడలాడించింది. తర్వాత నవంబరు 18.

ట్రావిస్ లేకుండా ఆడిన తర్వాతి రెండు ఆటల గురించి మాత్రం తొందరపడి దాటిపోను. నా వాదన అంతా ఆ రెండింటి మీదే నిలబడింది.

మొదటిది నవంబరు 25న గేన్స్‌విల్‌లో. ఫ్లోరిడా స్టేట్‌కు ఫ్లోరిడా యూనివర్సిటీతో ఉన్న వైరం పాతది, పచ్చిది. వాళ్ల స్టేడియం, వాళ్ల జనం, మాకు రెండో క్వార్టర్‌బ్యాక్ టేట్ రోడ్‌మేకర్. ముందు వెనకబడ్డారు. పాస్‌లు కుదరలేదు. బెన్సన్ బంతి పట్టుకుని మూడుసార్లు గీత దాటాడు. డిఫెన్స్ తలుపులు మూసేసింది. 24–15. కానీ ఆట చివర్లో రోడ్‌మేకర్ తలకు దెబ్బ తగిలింది. వారం తర్వాత ఏసీసీ ఫైనల్‌కు అతను కూడా లేడు.

రెండోది డిసెంబరు 2న షార్లట్‌లో, లూయీవిల్‌తో. మూడో క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ గ్లెన్, మొదటి సంవత్సరం కుర్రాడు, కాలేజీలో మొదటిసారి ఆట మొదలుపెడుతున్నాడు. అది ఛాంపియన్‌షిప్ ఆట. వేసిన 21 పాస్‌లలో 8 కుదిరాయి, 55 గజాలు వచ్చాయి. చూడ్డానికి అందంగా లేదు, ఒప్పుకుంటాను. అయితే ఆ రాత్రి మా డిఫెన్స్‌ను చూసినవాళ్లకు వేరే అందం కనిపించింది. ఫిస్క్ ఒక్కడే వాళ్ల క్వార్టర్‌బ్యాక్‌ను మూడుసార్లు కింద పడేశాడు. లూయీవిల్ ఒక్క టచ్‌డౌన్ కూడా చెయ్యలేకపోయింది. లారెన్స్ టోఫిలి 118 గజాలు పరిగెత్తాడు. 16–6. ఏసీసీ కప్పు 2014 తర్వాత మళ్లీ టాలహాసీకి వచ్చింది. ఆ ఆటను మేము ల్యాబ్ కాన్ఫరెన్స్ రూములో ప్రొజెక్టర్ పెట్టుకుని చూశాం. గెలిచాక మా సీనియర్ కుర్చీలో కూలబడి, ఇక ఎవరూ మనల్ని ఆపలేరు అన్నాడు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం టీవీలో జాబితా చదివారు. మొదటి స్థానం మిషిగన్, రెండు వాషింగ్టన్. ఇద్దరూ మాలాగే 13–0, పేచీ లేదు. మూడు టెక్సస్ అనగానే గుండె జారింది. ఒక్క స్థానమే మిగిలింది. నాలుగు, అలబామా. మా జట్టు కూర్చున్న గదిని కెమెరా చూపించింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఏం చెయ్యాలో తెలియక తెర వైపు చూస్తూ ఉండిపోయారు. చేతికి అందింది నోటికి అందలేదు అంటారే, ఆ మొహాలు చూస్తే ఆ మాటకు అర్థం తెలిసింది.

కమిటీ అధ్యక్షుడు బూ కోరిగన్ చెప్పిన కారణం ఇది: ట్రావిస్ లేని ఫ్లోరిడా స్టేట్ వేరే జట్టు. ఆ మాట గాలిలోంచి ఊడిపడలేదు. ముఖ్యమైన ఆటగాళ్లు అందుబాటులో లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని కమిటీ నియమాల్లోనే ఉంది. కాబట్టి వాళ్లు నియమం తప్పారని నేను అనను. ఆ నియమాన్ని అంత దూరం సాగదీయడం తప్పు అంటాను.

మా అపార్ట్‌మెంట్‌లో నాతో ఉన్న గుంటూరు తమ్ముడు ఒకడు ఆ రాత్రే నాతో వాదానికి దిగాడు.

"మావా, క్వార్టర్‌బ్యాక్ లేకపోతే ఆ జట్టుకు ఏముంది? జనవరిలో మిషిగన్ మీద నిలబడగలరా?"

"నిలబడతారో లేదో ఆడితే కదరా తెలిసేది. ఆడకుండానే నీకెలా తెలిసింది?"

"కమిటీ పని అదే కదా, బెస్ట్ నాలుగు టీములను పెట్టడం."

సరే, అక్కడి నుంచే మొదలుపెడదాం. నెలన్నర ముందు, అక్టోబరు 19న, పుణెలో బంగ్లాదేశ్ మీద ఆడుతూ హార్దిక్ పాండ్యా చీలమండకు దెబ్బ తగిలించుకున్నాడు. జట్టు సమతూకం మొత్తం అతని మీద ఉందని అందరం అనుకున్నాం. పాండ్యా లేని భారత్ వేరే జట్టే, నిజమే. అందుకే బయట కూర్చున్న షమీకి చోటు దొరికింది. ధర్మశాలలో మొదటి ఆటలోనే ఐదు వికెట్లు. సెమీఫైనల్లో న్యూజిలాండ్ మీద ఏడు. మొత్తం 24 వికెట్లతో టోర్నీలో అందరికంటే పైన నిలిచాడు. పాండ్యా గాయపడిన రోజు ఏ కమిటీ అయినా కూర్చుని, వీళ్లు ఇక పాత జట్టు కాదు, సెమీఫైనల్‌కు వేరేవాళ్లను పంపుదాం అని ఉంటే మనం ఊరుకునేవాళ్లమా? ఆ ఏడు వికెట్లు ఎక్కడివి అప్పుడు? దెబ్బ తగిలాక జట్టు ఏమవుతుందో బయటినుంచి చెప్పడం ఎవరి తరమూ కాదు. దాని కోసమే ఆట ఆడతారు.

ఇదే కమిటీ తన మొదటి ఏడాదిలో ఏం చేసిందో కూడా చూడండి. 2014లో ఒహాయో స్టేట్‌కు మొదటి క్వార్టర్‌బ్యాక్ సీజన్‌కు ముందే పోయాడు, రెండోవాడి చీలమండ నవంబరులో విరిగింది. మూడోవాడు కార్డేల్ జోన్స్ కాన్ఫరెన్సు ఫైనల్ ఆడాడు. ఆ జట్టు అప్పటికే ఒక ఆట ఓడిపోయి ఉంది, అదీ సొంత మైదానంలో. అయినా నాలుగో స్థానం ఇచ్చారు. కార్డేల్ జోన్స్ అలబామాను ఓడించి, ఒరెగాన్‌ను ఓడించి కప్పు గెలిచాడు. మూడో క్వార్టర్‌బ్యాక్‌తో విజేత కావచ్చని కమిటీకి తన అనుభవంలోనే తెలుసు.

దీనికి మా తమ్ముడి దగ్గర జవాబుంది. ఒహాయో తన ఫైనల్‌ను 59–0తో గెలిచింది, మీరు 16–6తో గెలిచారు అన్నాడు. నిజమే. కానీ అప్పుడు మనం మాట్లాడుతున్నది గెలుపు గురించి కాదు, గెలుపు చూడ్డానికి ఎలా ఉంది అన్నదాని గురించి. అదీ కాక ప్లేఆఫ్ మొదలయ్యే జనవరి 1కి ఇంకా నాలుగు వారాలుంది. రోడ్‌మేకర్ కోలుకోవడానికి సమయముంది. మొదటిసారి దిగిన కుర్రాడి ఒక్క రాత్రిని చూసి పదమూడు ఆటల సీజన్‌ను తూచారు.

నన్ను అన్నిటికంటే కదిలించింది ఇంకోటుంది. నవంబరు 28న, అంటే ట్రావిస్ గాయపడిన పది రోజులకు, ఇదే కమిటీ ఇచ్చిన ర్యాంకుల్లో ఫ్లోరిడా స్టేట్ నాలుగు, అలబామా ఎనిమిది. ట్రావిస్ లేడని వాళ్లకు అప్పటికే తెలుసు. ఆ తర్వాత మేము ఆడింది ఒకే ఒక్క ఆట, అదీ గెలిచాం. గెలిచి ఐదుకు దిగాం. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చిన పిల్లవాడికి కౌన్సెలింగ్ రోజున, నీ కుడి చెయ్యి విరిగింది కదా, నువ్వు ఇక బాగా చదవలేవేమో అని సీటు వెనక్కి తీసుకుంటే ఆ తండ్రి ఏమంటాడు? వచ్చిన ర్యాంకు వాడు రాసిన పరీక్షకు, రేపు రాయబోయే పరీక్షకు కాదు.

మరి ఎవరిని తీసేస్తావు? ఇది న్యాయమైన ప్రశ్న, తప్పించుకోను. టెక్సస్ సెప్టెంబరులో అలబామాను అలబామా సొంత మైదానంలోనే 34–24తో ఓడించింది. కాబట్టి అలబామా ఉంటే టెక్సస్ ఉండాల్సిందే. అలబామా డిసెంబరు 2న, అప్పటిదాకా మొదటి ర్యాంకులో ఉన్న జార్జియాను 27–24తో ఓడించింది. అది గొప్ప గెలుపు, కాదనను. అంతకు వారం ముందు ఆబర్న్ మీద ఆట ఇక పోయినట్టే అనుకున్న చోట, ఆఖరిదైన నాలుగో ప్రయత్నంలో 31 గజాలు కావాల్సి వస్తే, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేలన్ మిల్రో అంత దూరం టచ్‌డౌన్ పాస్ వేసి గెలిపించాడు. అదీ గొప్పదే. కానీ మిల్రోను పక్కన పెట్టి వేరే క్వార్టర్‌బ్యాక్‌లను దించిన రోజు అదే అలబామా సౌత్ ఫ్లోరిడా మీద 17–3తో చచ్చీచెడీ బయటపడింది. ఇవన్నీ కూడితే అలబామా 12–1. మేము 13–0. ఒకటి ఓడిన జట్టు, ఒకటీ ఓడని జట్టు ఎదురెదురుగా ఉంటే, ఇద్దరూ తమ కాన్ఫరెన్సుల్లో ఛాంపియన్లే అయితే, నేను అలబామాను ఆపుతాను. కష్టంగానే ఉంటుంది. అయినా ఆ ఓటమికి బాధ్యత వాళ్లదే. సొంత మైదానంలో పది పాయింట్లతో ఓడింది వాళ్లు.

అలబామా ఆడే ఎస్‌ఈసీ కాన్ఫరెన్సు నుంచి ఏ జట్టూ లేని ప్లేఆఫ్ ఆ పదేళ్లలో ఒక్కటీ లేదు, టీవీ డబ్బులు ఎటు పారతాయో అందరికీ తెలుసు అని టాలహాసీలో చాలామంది అంటారు. మొదటి సగం నిజం. రెండో సగంతో కుట్ర ఉందని తేల్చడానికి నా దగ్గర ఏమీ లేదు కాబట్టి నేను ఆ మాట అనను. నాకు కుట్ర అక్కర్లేదు కూడా. పదమూడు మంది మంచివాళ్లు నిజాయితీగా కూర్చుని కూడా తప్పు చెయ్యొచ్చు. ఊళ్లో మాత్రం కోపం చల్లారలేదు. గవర్నరు బడ్జెట్ ప్రతిపాదనల్లో కోర్టు ఖర్చులకని పది లక్షల డాలర్లు పెట్టాడు. డిసెంబరు 22న యూనివర్సిటీ తన సొంత కాన్ఫరెన్సు మీదే కేసు వేసింది.

ట్రావిస్ రాసిన మాట మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు. నా కాలు సీజన్‌లో ఇంకా ముందే విరిగి ఉంటే బాగుండేది, అప్పుడు ఈ జట్టు ఒక్క క్వార్టర్‌బ్యాక్ కాదని అందరికీ తెలిసేది అని అర్థం వచ్చేలా రాశాడు. తను పోగొట్టుకున్నదాని గురించి కాదు, తన వల్ల మిగతావాళ్లు పోగొట్టుకున్నారేమో అన్న బాధ అది. ఆటలో చెయ్యని తప్పుకు ఒక పిల్లవాడు ఆ మాట రాయాల్సి రావడం, ఆ కమిటీ నిర్ణయంలో నాకు అన్నిటికంటే క్రూరంగా తోచింది.

ఇక 63–3. ఈ వాదన ఎప్పుడు ఎత్తినా ఎదుటివాళ్లు తీసే ఆఖరి అస్త్రం అదే. డిసెంబరు 30న ఆరెంజ్ బౌల్‌లో, అంటే ప్లేఆఫ్‌కు వెళ్లని జట్లు సీజన్ చివర ఆడే బౌల్ ఆటల్లో ఒకదానిలో, జార్జియా మమ్మల్ని అరవై పాయింట్ల తేడాతో చితక్కొట్టింది. బౌల్ ఆటల చరిత్రలో అంత తేడా ఇంకోటి లేదు. సగం ఆటకే 42–3. నేను టీవీ కట్టేసి బయటికి వెళ్లి నడిచాను. చూశావా, కమిటీ సరిగ్గానే చెప్పింది అన్నారు. అయ్యా, ఆ రోజు దిగింది ఎవరు? కప్పు ఆశ పోయాక కోల్‌మన్, బెన్సన్, వర్స్ లాంటివాళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో భవిష్యత్తు కోసం పక్కకు తప్పుకున్నారు. కొందరు వేరే కాలేజీలకు వెళ్లే దారిలో ఉన్నారు. రోడ్‌మేకర్ కూడా లేడు. మొత్తం ఇరవై మందికి పైగా ఆడలేదు. ప్లేఆఫ్ ఆట అయి ఉంటే వాళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లంతా దిగేవాళ్లు. జట్టును తీసేసింది కమిటీ నిర్ణయం, ఆ తీసేశాక మిగిలిన ముక్కను చూపించి నిర్ణయం సరైనదే అనడం ఎలా కుదురుతుంది? ఆ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2024 డ్రాఫ్ట్‌లో మా జట్టు నుంచి పది మందిని తీసుకున్నారు. వర్స్ మొదటి రౌండులో వెళ్లి, ఆ సీజన్ డిఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. షార్లట్‌లో 16–6తో గెలిచింది ఈ మనుషులు.

వాళ్లంతా వెళ్లాక 2024లో మేము 2–10. ఆ ఏడాది స్టేడియంలో ఖాళీ కుర్చీల మధ్య కూర్చోవడం 2021ని గుర్తు చేసింది. ప్లేఆఫ్ అదే ఏడాది పన్నెండు జట్లకు పెరిగింది. ఒక్క సంవత్సరం ముందు పెరిగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. ట్రావిస్‌ను న్యూయార్క్ జెట్స్ ఐదో రౌండులో తీసుకుంది. కానీ కాలు పూర్తిగా కోలుకోలేదు. ఒక్క ఎన్‌ఎఫ్‌ఎల్ ఆట కూడా ఆడకుండా 2025 ఏప్రిల్‌లో రిటైర్ అవుతున్నానని చెప్పాడు. ఆ వార్త ల్యాబ్‌లో చదివాను. మా సీనియర్ అప్పటికే చదువయి వెళ్లిపోయాడు. అతనికి మెసేజ్ పెడితే చాలాసేపటికి ఒక్క మాట వచ్చింది, ఆ కుర్రాడికి మనం బాకీ ఉన్నామని.

2025 ఆగస్టు 30న అలబామా టాలహాసీకి వచ్చింది. 31–17తో గెలిచాం. జనం మైదానంలోకి దూకారు. గుంటూరు తమ్ముడు ఇప్పుడు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ రాత్రి ఫోన్ చేసి, "మావా, లెక్క సరిపోయింది కదా" అన్నాడు. సరిపోలేదు రా అన్నాను. జార్జియా చేతిలో 63–3 ఆ 2023 జట్టు గురించి ఏమీ చెప్పలేదని ఇన్నాళ్లు నేనే వాదించాను. ఈ 31–17 కూడా చెప్పదు. రెండింటికీ ఒకటే కొలత ఉండాలి. ఆ సీజన్‌ను మేము 5–7తో ముగించాం. అలబామా, మా చేతిలో ఓటమితో కలిపి మూడు ఓటములతో, ప్లేఆఫ్‌కు వెళ్లింది.

ట్రావిస్ జెర్సీ నంబరు 13. నా దగ్గర ఒకటుంది, మెడ దగ్గర రంగు వెలిసింది. ఏటా నవంబరు 18న అది వేసుకుని ల్యాబ్‌కు వెళ్తాను. కొత్తగా చేరిన తెలుగు పిల్లలు, "అన్నా, ఇది ఎవరి నంబరు?" అని అడుగుతారు. కాఫీ కప్పు పక్కన పెట్టి, 2021లో జాక్సన్‌విల్ స్టేట్ చేతిలో ఓడిన రాత్రి నుంచి మొదలుపెడతాను.